మీకు తెలుసా? అఱచేతి యింజనుకు పట్టాల కొలత
మన ఎక్స్‌ప్రెస్ బండ్లను లాగెడి, ఇరువది మీటర్లకు పైబడిన పొడవుగల డబ్ల్యుఏపి-7 విద్యుత్ యింజనును, నమూనా రైళ్ల ప్రియులలో విశేషప్రచారముగల హెచ్‌ఓ ప్రమాణమున, అనగా 87వ వంతునకు, కుదించినచో అది 24 సెంటీమీటర్లకు లోపుగనే యుండును.

చిక్కంతయు పట్టాలయందే కలదు. మన బ్రాడ్‌గేజి వెడల్పు 1676 మిల్లీమీటర్లు. అందు 87వ వంతు 19 మిల్లీమీటర్లకు మించును. హెచ్‌ఓ పట్టాలో, 1435 మిల్లీమీటర్ల విదేశీ మార్గము ననుసరించి, 16.5 మిల్లీమీటర్ల యెడముననే యేర్పడినవి. కావున, పెట్టె విప్పి యుంచినంతనే పరుగిడు భారతీయ నమూనా యెప్పుడు వెలువడునాయని యుత్కంఠతో నిరీక్షించువారు, సాధారణముగ, రూపము మనదియు చక్రముల కొలత పరదేశపుదియునైన యింజనునే స్వీకరింపవలసి వచ్చును. రంగులును, పాంటోగ్రాఫును యథాతథముగ నమరినచో, ఇంచుమించు మూడు మిల్లీమీటర్ల ఆ భేదము నా దృష్టిలో క్షమార్హమే.