నల్లమలలో అతిథులు

మార్కాపురం పేరు వినగానే పాతతరం ఉపాధ్యాయునికి పలక జ్ఞాపకం వస్తుంది. ఎన్నో ఊళ్ల పిల్లలు ఓనమాలు దిద్దుకొన్న పలకలు ఆ నేల కడుపులోని రాతినుండి వచ్చినవే. ఆ ఊరికి పడమట నల్లమల అనే మరొక పలక ఉన్నది. దానిమీది వ్రాతను కూర్చుండి చదువుటకు వీలులేదు, నడచి చదువవలసిందే.

అరణ్యవిహారమనగానే లోకులు కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ వృక్షాలను తలచుకొంటారు. 300 అడుగులకు మించి పెరిగే మహావృక్షాలవి. నల్లమలలో అంతటి చెట్లు లేవు. ఇక్కడివి వేసవిలో ఆకురాల్చి, తొలకరికి తిరిగి చిగిర్చే చిరుమాను, నల్లమద్ది, ఏగిస, తునికి, వెదురు. గిద్దలూరు దిక్కున ఎర్రచందనం కూడ కలదు. తూర్పు కనుమల దక్షిణ భాగాన తప్ప ఆ చెట్టు లోకంలో మరెక్కడా స్వతస్సిద్ధంగా పెరగదు. రాతినేలలో, కొద్దిపాటి వానతో, ఏళ్ల తరబడి నెమ్మదిగా చేవదేరుతుంది. ఎత్తు దాని గొప్ప కాదు. ఓర్పు దాని గొప్ప.

ఈ అడవి 1978లో అభయారణ్యమైనది. 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరినది. 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత కృష్ణకు ఆవలి భాగం అమ్రాబాద్ పేర తెలంగాణకు చెందినది. కనుక ఇక్కడ ఇష్టం వచ్చినచోట డేరా వేయుటకు లేదు. దోర్నాలనుండి శ్రీశైలం పోయే ఘాటు రోడ్డుమీద రాత్రివేళ వాహనాలనే ఆపివేస్తారు. ఆ దారిలో తుమ్మలబైలువద్ద అడవిని చూపించే ఏర్పాటును, గిద్దలూరు–నంద్యాల మార్గంలో పచ్చర్లవద్ద అరణ్యవిడిదిని అటవీశాఖ నెలకొల్పినది. అనుమతి పొంది, చూపిన త్రోవను నడచి, చూపిన చోట బసచేయుటే ఇక్కడి మర్యాద.

త్రోవ చూపవలసినవాడు చెంచు. హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు వీరిని గురించి వ్రాసిన పెద్ద గ్రంథం 1943లో వెలువడినది. అయితే గ్రంథాలకు ఎంతో ముందునుంచీ ఈ జాతికి అడవియే బడి. ఇసుకలో అడుగు ఏ జంతువుదో, ఆ జాడ ఎంతసేపటిదో, నేలలో గడ్డ ఎక్కడున్నదో, ఏ కొండచరియలో తేనెపట్టు ఉన్నదో చెంచు పెద్దకు తెలుసు. పట్టణపు విద్యార్థి అతనివెంట నడచినప్పుడు గురుశిష్యుల స్థానాలు తారుమారవుతాయి. ఆ పెద్దను 'అయ్యా' అని పిలిచి, అతడు నిలిచినచోట నిలిచి, మాటలాడవద్దన్నప్పుడు ఊరకుండుట మొదటి పాఠం.

రెండవ పాఠం నిప్పుకు సంబంధించినది. మాఘ, ఫాల్గుణాలు దాటితే నేలంతా ఎండుటాకు పరచుకొంటుంది. ఆర్పని చుట్ట ఒకటి, చల్లారని పొయ్యి ఒకటి చాలును. చిగురు వేయబోయే మొలక, నేలమీది పక్షిగూడు, రేపటి గడ్డి ఒక్క పూటలో బూడిద అవుతాయి.

మూడవ పాఠం నీరు. గుండ్లకమ్మ ఈ కొండలలో గుండ్ల బ్రహ్మేశ్వరం ప్రాంతాన పుట్టి, కంభం చెరువును నింపి, తూర్పుసముద్రానికి సాగుతుంది. విజయనగర రాజుల కాలంలో రెండు కొండల నడుమ కట్టవేసి నిర్మించిన ఆ చెరువు 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల పట్టికలో చేరినది. కొండమీద చెట్టు ఉంటేనే వాననీరు నిలిచి, ఇంకి, మెల్లగా వాగుకు దిగుతుంది. చెట్టు పోతే మట్టితో కలిసి ఒక్కసారిగా పరుగెత్తి చెరువును పూడుస్తుంది. కరవు తెలిసిన పశ్చిమ ప్రకాశానికి ఇంతకంటె చెప్పవలసినదేమున్నది?

కనుక ఉపాధ్యాయులు పిల్లలను అడవికి తీసుకొని వెళ్లినప్పుడు, తిరుగుదారిలో కంభం కట్టమీద ఒక గడియ నిలుపవలెను. పులి కనబడలేదని చిన్నబుచ్చుకొన్న బాలుడు ఎదుట నీటిని, వెనుక కొండను ఒక్కసారి చూచినచో, తాను ఎవరి ఇంటికి అతిథిగా వెళ్లివచ్చినాడో ఎవరూ చెప్పకుండానే గ్రహిస్తాడు.