మిగిలిన ముక్కలతో ఒక దండు

దసరా దగ్గరపడగానే అటకమీది పెట్టె దింపుతాము. బొమ్మలను మెత్తని గుడ్డతో తుడిచి మెట్లమీద నిలుపుతాము. పెట్టె అడుగున మాత్రము కొంత చిల్లర మిగులుతుంది. విరిగిన చేయి, తల లేని మొండెము, ఊడిన బండిచక్రము. పారవేయుటకు మనసొప్పదు, కొలువులో పెట్టుటకు వీలుపడదు. ఏటేటా దానిని తిరిగి అడుగుననే వేసి మూత పెడతాము. కొలువు పెట్టే ఇళ్ళలో ఈ సంగతి ఎరుగనివారుండరు. ఆ చిల్లరతో మా ఇంట ఏమి చేసినామో చెబుతాను.

కడంబత్తూరులో మాది పాత పెంకుటిల్లు. 2015 చివర మన జిల్లాలో కురిసిన పెద్దవానలకు పెంకులు కారి, బొమ్మలపెట్టెలోనికి నీరు దిగినది. దసరా గడిచిపోయినది గనుక ఆ వంక ఎవరమూ చూడలేదు. పొంగలికి ఇల్లు దులుపుతూ మూత తీసి చూస్తే, కాగితపు గుజ్జు బొమ్మలు ఉబ్బి ముద్దయిపోయినవి. మా అత్తగారు 1980 కృష్ణా పుష్కరాలకు వెళ్ళి తెచ్చిన కొండపల్లి బొమ్మలు కీలుకీలుకు ఊడిపోయినవి. ఆమె పోయిన తరువాత ఆమె గుర్తుగా ఇంట మిగిలినవి ఆ బొమ్మలే. నేను చాలాసేపు ఆ పెట్టె దగ్గరే కూర్చుండిపోయినాను.

తరువాత నెమ్మదిగా చూస్తే కొయ్య చెడలేదు. కొండపల్లి బొమ్మ ఒకే ముక్కలో చెక్కినది కాదు గదా. తేలికైన పొణికి కొయ్యతో మొండెము వేరు, కాళ్ళూ చేతులూ వేరు చెక్కి, చింతపిక్కల జిగురులో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. పైన సున్నము పూసి రంగులు వేస్తారు. నీటికి కరిగినది ఆ మక్కు మాత్రమే. అతికించుటకు తగినదే గనుక ఊడినది. ఊడినది గనుక మళ్ళీ అతుకవచ్చును.

పగలని బొమ్మలన్నీ ముందు బాగుచేసినాము. అయినా ఒక చేటెడు ముక్కలు మిగిలినవి.

“అవ్వా, ఇవి ఏ బొమ్మవో తెలీదు. పారేద్దామా?” అన్నాడు మా మనవడు.

“నీ ప్లాస్టిక్ సిపాయిల తలలు నువ్వు పారేస్తావేమిరా?” అన్నాను.

వాడు నవ్వినాడు. వాని దగ్గర యుద్ధపు ఆటకు కూర్చుకొనే చిన్న సిపాయిల పెట్టె ఒకటున్నది. అందులో ఒక్కొక్క మొండానికి రెండు మూడు తలలు, కావలసిన దానికంటె ఎక్కువ చేతులు, కత్తులు ఇస్తారు. మిగిలిన వాటిని డబ్బాలో దాచి, వాటితోనే లెక్కకు మించిన సిపాయిలను తయారుచేయుట ఆ ఆటగాళ్ళకు అలవాటు.

ఈ యుద్ధపు ఆట పరాయిదేమీ కాదు. 1780లో జర్మన్ దేశపు పండితుడు హెల్విగ్ చదరంగాన్ని పెంచి ఒక యుద్ధక్రీడగా చేసినాడు. 1913లో ఇంగ్లీషు రచయిత హెచ్. జి. వెల్స్ బొమ్మ సిపాయిలతో ఇంటి నేలమీద ఆడుకొనే యుద్ధానికి నియమాలు వ్రాసి ఒక పుస్తకమే వేసినాడు. చదరంగమో, మన చతురంగ బలమే. రథము, ఏనుగు, గుర్రము, కాలిబంటు.

భారతములో సేనకు మొదటి మెట్టు ‘పత్తి’. ఒక రథము, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, అయిదుగురు కాలిబంట్లు. ఇటువంటివి 21,870 చేరితే ఒక అక్షౌహిణి. కురుక్షేత్రానికి పదునెనిమిది అక్షౌహిణులు కావలసివచ్చినవి. మాకు ఒక్క పత్తి చాలుననుకొన్నాము. పది బొమ్మలు!

విరిగిన ఎడ్లబండి చక్రాలు రథానికి వచ్చినవి. పగిలిన గుడి బొమ్మ గోపురము దానికి కప్పయినది. అంబారీ పోయిన ఏనుగు ఒకటున్నది. దానిమీదికి కాళ్ళు లేని శెట్టిగారి బొమ్మను ఎక్కించినాము. పప్పులు అమ్ముకొనే శెట్టిగారు మావటి అయినాడు. ఏనుగుమీద కూర్చున్నవానికి కాళ్ళెవరు చూస్తారు? గుర్రాలు రెండే దొరికినవి. కొమ్ములు ఊడిన ఎద్దుకు మక్కుతో జూలు పెట్టి మూడవదానిని చేసినాము. “ఇది గుర్రమా, ఎద్దా?” అని మనవడు. “దూరమునుంచి చూడు” అన్నాను.

కాలిబంట్లలో ఇద్దరికి వడ్లు దంచే ఆడవారి రోకళ్ళు గదలైనవి. మరి ఇద్దరికి వాని సిపాయిల డబ్బాలోని ఈటెలు, డాళ్ళు వచ్చినవి. అయిదవ మొండానికి తల లేదు. మిగిలినది ఒక్క నాట్యకత్తె తల. అది మా అత్తగారికి ఎంతో ఇష్టమైన బొమ్మది. వాడు సందేహించినాడు గాని, వాని చెల్లెలు ఊరుకొనలేదు. “సత్యభామ యుద్ధం చేయలేదా?” అన్నది. అయిదవ బంటు సత్యభామ అయినది.

చేయదలచినవారికి నాలుగు మాటలు. ముందుగా ముక్కలను ఏ బొమ్మవో అని గాక, తలలు తలలతో, చేతులు చేతులతో వేరుచేయండి. జిగురు లేకుండా ఆనించి చూచి, కొలతలు కుదిరిన తరువాతనే అతుకండి. చింతపిక్కలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీటిలో ఉడికిస్తే జిగురు వస్తుంది. అందులో సన్నని రంపపుపొట్టు కలిపితే మక్కు. అతుకులో ఒక వెదురుపుల్ల గుచ్చితే బలము. నీడలోనే ఆరబెట్టండి, ఎండకు బీటలు వస్తవి. ప్లాస్టిక్కును మక్కు పట్టదు, దానికి బజారు జిగురే వాడవలెను. పాత రంగులలో సీసము ఉండవచ్చును గనుక పొడిగా గీకి దుమ్ము లేపరాదు. చిన్న ముక్కలు పసిపిల్లలకు అందనీయకండి. చివరకు అన్నిటికీ ఒకే సున్నపు పూత, ఒకే రంగు అంచు వేస్తే, పది ఇండ్ల ముక్కలైనా ఒకే ఇంటి బొమ్మలుగా కనిపిస్తవి.

మన పక్కనున్న తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చినది. సరిహద్దు జరిగినా మన ఇండ్లలో కొలువు జరుగలేదు. కాని బడిలో తెలుగు లేని పిల్లలకు ఇంటి మాటలు ఒక్కొక్కటిగా ఊడిపోతున్నవి. ఆ పది బొమ్మలు చేయు నెల దినాలలో మక్కు, మావటి, అంబారీ, డాలు అనే మాటలు మా మనవని నోట నిలిచినవి. నేను కూర్చోబెట్టి నేర్పలేదు. చేతికి పని దొరికినది, మాట వెంట వచ్చినది.

ఆ ఏడు విజయదశమి రాత్రి, ఆచారము ప్రకారము కొలువులో ఒక బొమ్మను పడుకోబెట్టవలసి వచ్చినది. ఎవరిని పడుకోబెట్టుదామని అడిగితే, పిల్లలిద్దరూ ఒక్కమాటగా సత్యభామను చూపించినారు. యుద్ధము చేసి అలసిపోయినదట. మా అత్తగారి నాట్యకత్తె ముఖము దిండుమీద ఒరిగినప్పుడు నాకు కన్నులు చెమ్మగిల్లినవి.

ఈ దసరాకు మీ పెట్టె అడుగున ఉన్నదానిని ఒకమారు చేటలో పోసి, పిల్లల ముందర పెట్టి చూడండి.