వాహన సామర్థ్యం - బీమా రక్షణ

వేసవి సెలవులు ముగిసి జూన్ నెలలో బడులు తెరిచే వేళకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో రవాణా శాఖ అధికారులు పాఠశాలల బస్సులను తనిఖీ చేస్తారు. బ్రేకులు, స్టీరింగు, టైర్లు, దీపాలు సక్రమంగా ఉన్న బస్సుకే ఫిట్‌నెస్ ధ్రువపత్రం లభిస్తుంది. బస్సులకే కాదు, టాక్సీలు, ఆటోలు, లారీలు మొదలైన రవాణా వాహనాలన్నింటికీ ఈ పత్రం తప్పనిసరి. సొంతానికి వాడుకునే కారుకు మొదటి 15 సంవత్సరాలు రిజిస్ట్రేషన్ వర్తిస్తుంది. ఆ తరువాత తనిఖీలో నెగ్గితేనే దానిని మరో 5 సంవత్సరాలకు పొడిగిస్తారు.

తనిఖీలో విఫలమైన వాహనానికి ధ్రువపత్రం నిరాకరిస్తే, అందుకు గల కారణాలను అధికారులు యజమానికి లిఖితపూర్వకంగా తెలపాలి. లోపాలను సరిచేయించుకొని మళ్లీ పరీక్షకు హాజరు కావచ్చు. అయితే అంతవరకు ఆ వాహనాన్ని రోడ్డుపై తిప్పరాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 56వ సెక్షన్ ప్రకారం, ఫిట్‌నెస్ పత్రం లేని రవాణా వాహనానికి రిజిస్ట్రేషన్ ఉన్నా లేనట్లే లెక్క.

ఇక్కడే బీమా ప్రసక్తి వస్తుంది. మోటారు బీమాలో ప్రధానంగా రెండు భాగాలు ఉంటాయి. వాహనం వల్ల ఇతరులకు కలిగే ప్రాణనష్టానికి, గాయాలకు, ఆస్తినష్టానికి పరిహారం ఇచ్చేది మొదటిది. దీనిని చట్టం తప్పనిసరి చేసింది. సొంత వాహనానికి కలిగే నష్టాన్ని భర్తీ చేసేది రెండవది. ఇది యజమాని ఇష్టాన్ని బట్టి తీసుకునేది. తనిఖీలో విఫలమైనంత మాత్రాన పాలసీ దానంతటదే రద్దు కాదు. కాని ప్రమాదం జరిగిన నాడు దాని ఫలం యజమానికి దక్కకపోవచ్చు.

ఉదాహరణకు, అప్పు చేసి టాక్సీ కొనుక్కున్న ఒక డ్రైవరును ఊహించుకుందాం. బ్రేకులు బాగులేవని తనిఖీలో తేలినా, నాలుగు రోజుల కిరాయి పోతుందని అతడు బండిని తిప్పాడు. ఆ బండి ఢీకొని ఒక పాదచారి గాయపడ్డాడు. బండి ముందు భాగం నుజ్జయింది. పాలసీ అమలులోనే ఉన్నా, వాహనాన్ని మంచి స్థితిలో ఉంచాలన్న షరతును అతడు మీరాడని కంపెనీ మరమ్మతు ఖర్చును నిరాకరించవచ్చు. చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ లేకుండా వాహనం నడపడం పాలసీ మౌలిక నిబంధనను ఉల్లంఘించడమేనని 2014లో ఒక కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ కేసులో తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు ముగిసిన వాహన యజమానికి సొంత నష్టపరిహారం దక్కలేదు.

మరి గాయపడిన పాదచారి సంగతేమిటి? యజమాని తప్పుకు బాధితుడు బలి కాకూడదన్నది చట్టం ఉద్దేశం. అందువల్ల కంపెనీయే ముందుగా బాధితుడికి పరిహారం చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని నుండి రాబట్టుకోవాలని న్యాయస్థానాలు ఆదేశిస్తుంటాయి. ఫిట్‌నెస్ పత్రం లేని వాహనాల విషయంలో కంపెనీకి ఈ హక్కు ఉందని కేరళ హైకోర్టు పూర్తి ధర్మాసనం 2018లో తీర్పు చెప్పింది. ఆ విధంగా తీర్పు వస్తే బండి మరమ్మతు ఖర్చుకు తోడు బాధితుడి పరిహారం కూడా ఆ డ్రైవరు నెత్తినే పడుతుంది. నాలుగు రోజుల కిరాయికి ఆశపడిన కుటుంబం ఏళ్ల తరబడి అప్పు తీర్చవలసి వస్తుంది.

బీమా అనేది జాగ్రత్తకు తోడే గాని, దానికి బదులు కాదు. ప్రీమియం రసీదుతో పాటు ఫిట్‌నెస్ పత్రం గడువును కూడా చూసుకున్న యజమానికే పాలసీ అండగా నిలుస్తుంది. అన్నింటికన్నా మిన్నగా, సకాలంలో బాగుచేసిన బ్రేకు దారిన పోయేవారి ప్రాణాలను కాపాడుతుంది. ఆ ప్రాణాలను ఏ పరిహారమూ తిరిగి తేలేదు.