చలి వేళ మోటారు సైకిలు: గాలి, పెట్రోలుల పొందిక

పెట్రోలు మండునని మనమందరము అందుము. నిజమునకు మండునది ద్రవరూపమున ఉన్న పెట్రోలు కాదు, గాలితో కలిసిన దాని ఆవిరి. ఈ ఒక్క విషయము గ్రహించినచో, చలికాలపు ఉదయమున మోటారు సైకిలు ఏల మొరాయించునో, ‘చోక్’ అను చిన్న మీట ఏల అవసరమైనదో సులభముగా బోధపడును. తెలుగు బోధించువానికి యంత్రములతో ఏమి పని యని విద్యార్థులు శంకింపవచ్చును. వాహనమునెక్కు ప్రతివాడును దాని స్వభావమునెరుగుట మేలు. ఆ జ్ఞానము మనము మాటలాడు భాషలో లభించుట మరింత మేలు.

తూకము ప్రకారము ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. ఈ పొందికను కార్బురేటరు సమకూర్చును. పెట్రోలు పాలు హెచ్చినచో మిశ్రమము చిక్కనిదనియు, తగ్గినచో పలుచనిదనియు అందుము. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పెట్రోలులో కొంత భాగము మాత్రమే ఆవిరి యగును. తక్కినది బిందువులై మార్గపు గోడలకు అంటుకొని నిలిచిపోవును. అందుచేత కార్బురేటరు సరియైన పాళ్లలో పంపినను, సిలిండరులోని మిశ్రమము పలుచనై నిప్పురవ్వ తగిలినను అంటుకొనదు. చోక్ ఈ కొరతను తీర్చును. కొన్ని బండ్లలో అది గాలి దారిని మూయు రేకు; మరికొన్నింట అదనపు పెట్రోలు నందించు వేరొక సన్నని మార్గము. ఈ రెండవ రకపు బండిలో యాక్సిలరేటరు త్రిప్పినచో ఆ మార్గమునుండి పెట్రోలును లాగు పీల్పు తగ్గి చోక్ నిష్ప్రయోజనమగును. కావున దానిని త్రిప్పక కిక్కు కొట్టవలెను.

ఇంజను వేడెక్కిన కొలది చోక్‌ను క్రమముగా తీసివేయవలెను. మరచినచో నల్లని పొగ వెడలును. స్పార్క్ ప్లగ్గుపై మసి పేరుకొనును. ఆవిరికాని పెట్రోలు సిలిండరు గోడలపైని నూనె పొరను కడిగివేసి అరుగుదలకు దారితీయును. అన్నింటికంటె ప్రమాదకరమైనది మరొకటి కలదు. చిక్కని మిశ్రమము పూర్తిగా మండక కార్బన్ మోనాక్సైడును అధికముగా వెడలించును. దానికి రంగు లేదు, వాసన లేదు; రక్తములో ప్రాణవాయువు స్థానమునాక్రమించి ప్రాణము తీయును. తలుపులు మూసిన గదిలో ఇంజనును వేడిచేయుట ఎన్నడును తగదు.

చలిలో బండి సరిగా నడువలేదని కొందరు వెంటనే కార్బురేటరు స్క్రూ త్రిప్పుదురు. చల్లని ఇంజనునకు సరిపోవునట్లు అమర్చిన మిశ్రమము వేడెక్కిన పిదప మిక్కిలి చిక్కనగును. పది నిమిషములు బండి నడిపి, చోక్ పూర్తిగా తీసి, ఆపై స్క్రూను కొంచెము కొంచెముగా ఇరువైపులకు త్రిప్పుచు, ఇంజను వేగముగాను నిలకడగాను తిరుగు చోట నిలుపవలెను. స్క్రూ గాలి వడపోత వైపున్నచో బిగించిన కొలది మిశ్రమము చిక్కనగును. ఇంజను వైపున్నచో పలుచనగును. కొన్నాళ్లు నడిపిన పిదప ప్లగ్గు విప్పి చూడవలెను. లేత గోధుమ వర్ణము మంచి పొందికకు గుర్తు. నల్లని మసి చిక్కదనమునకు, తెల్లదనము పలుచదనమునకు గుర్తులు.

2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 నిబంధనలు అమలులోనికి వచ్చిన పిదప, క్రొత్త బండ్లలో అధిక భాగమునకు కార్బురేటరునకు బదులు పెట్రోలును చిమ్ము ఇంజెక్టరు అమరినది. ఇంజను వేడిమిని సెన్సారు తెలుపగా, చల్లని వేళ పెట్రోలును హెచ్చించి వేడెక్కిన కొలది తగ్గించు పనిని ఎలక్ట్రానిక్ సాధనమే చేయును. పాత బండి గల విద్యార్థులు మాత్రము ఆ పనిని తామే చేసికొనవలెను. చోక్ వేయుట అందరికిని తెలియును. దానిని వేళకు తీయుట నేర్చినచో పెట్రోలు మిగులును, ఇంజను మన్నును, ఇంటివారి ఊపిరికి హాని కలుగదు.