చేయి తిరిగిన ప్రోగ్రామరు - కొత్త సాధనము

కంప్యూటరుకు ప్రోగ్రాములు వ్రాయుటలో పది సంవత్సరములు అనుభవము గడించినవాడు ఒక కొత్త పద్ధతిని నేర్చుకొనుటకు కూర్చున్నచో, రెండు దినములలో ముగించునని చూచువారందరును అనుకొందురు. సూత్రములను, గుర్తులను కంఠస్థము చేయుటవరకు అది నిజమే. ఆపైన అతనికి కష్టము కలుగును. ఆ కష్టము తెలియనితనమువలన వచ్చునది కాదు; తెలిసినదానివలన వచ్చునది.

మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఏబ్రహాం లూచిన్స్ 1942లో ప్రకటించిన ప్రయోగములు ఈ విషయమును చక్కగా విశదపరచును. మూడు కుండలు కలవు. అవి వరుసగా 21, 127, 3 కొలతల నీరు పట్టును. వీనితో 100 కొలతలు నీరు సిద్ధము చేయవలెను. రెండవ కుండను నింపి, దానినుండి మొదటి కుండకు ఒకసారి, మూడవ కుండకు రెండుసార్లు వంపినచో 100 మిగులును. ఇదే ఉపాయముతో తీరెడి లెక్కలను కొన్నింటిని వరుసగా చేయించిన పిమ్మట, 23, 49, 3 పట్టు కుండలనిచ్చి 20 కొలువుమనిరి. చాలమంది మరల 49 − 23 − 3 − 3 అను పొడవు దారినే పట్టిరి. 23నుండి 3 తీసివేసిన చాలునని వారికి తోచలేదు. ముందటి లెక్కలు చేయనివారికి మాత్రము ఆ దగ్గరిదారి సులభముగనే కనబడినది. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో కొద్ది నిమిషములలో పరీక్షించి చూడవచ్చును. ఫలితము వినోదముగనే ఉండును.

వెబ్ పుటలను తయారుచేయువారికి ఇట్టి సందర్భమే 2013లో ఎదురైనది. అంతకు పూర్వపు పద్ధతి ఎట్టిదో ముందు చూతము. బ్రౌజరు ఒక పుటను తన జ్ఞాపకములో వృక్షమువలె నిలుపుకొనును. శీర్షిక ఒక కొమ్మ, పేరా ఒక కొమ్మ, బొత్తాము ఒక కొమ్మ. ప్రోగ్రాము తనకు కావలసిన కొమ్మను వెదకి పట్టుకొని దానిని మార్చును. ఈ పనిని మిక్కిలి సులభము చేసిన సాధనము జేక్వెరీ. దీనిని జాన్ రెసిగ్ 2006లో వెలువరించెను. దీనితో వేలకొలది ప్రోగ్రామర్లు తమ వృత్తి నేర్చుకొనిరి.

ఒక ప్రశ్నావళి పుటను ఊహించుకొందము. విద్యార్థి సరియైన జవాబు నొక్కగానే అతని మార్కులు పైనున్న శీర్షికలోను, ప్రక్కనున్న పట్టికలోను, చివరి వాక్యములోను మారవలెను. పాత పద్ధతిలో దీనికి మూడు ఆజ్ఞలు వ్రాయవలెను. ఒకటి మరచినచో పుట ఒకచోట 5 అనియు, మరియొకచోట 6 అనియు చెప్పును. పుట పెరిగినకొలది ఇట్టి మరపులును పెరుగును. చదువవలసిన సందేశమేదియు లేకున్నను ఉన్నట్లు సంఖ్య కనబడెడి దోషము తమను ఎంతో వేధించెనని, దిద్దినను మరల మరల తలయెత్తెనని ఫేస్‌బుక్ ఇంజనీర్లే 2014లో ఒక సభలో వివరించిరి.

ఆ సంస్థయే 2013లో బహిరంగపరచిన రియాక్ట్ అను సాధనము పనిని తలక్రిందులు చేసినది. ఇందులో ప్రోగ్రామరు ఏ కొమ్మను మార్చవలెనో చెప్పడు. మార్కులు ఇంత అయినప్పుడు పుట ఎట్లుండవలెనో మాత్రమే చెప్పును. మార్కులు మారినప్పుడెల్ల ఆ వర్ణన మరల తయారగును. పాత వర్ణనతో పోల్చి, తేడా ఉన్న కొమ్మలను రియాక్టే మార్చును. పాఠశాలలో హాజరుపట్టీ ఒక్కటే ప్రమాణమై, నల్లబల్లపై సంఖ్యను ఎప్పుడును దానిని చూచియే వ్రాయుట వంటిది ఇది.

భాష మారలేదు. 1995లో బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్టే ఇచటను వాడబడును. అందుచేతనే అనుభవజ్ఞుడు మోసపోవును. మార్కులు 5 ఉన్నవనుకొందము. "మార్కులను, మార్కులు కూడిక 1 గా చేయుము" అని అతడు వెంటవెంటనే రెండుసార్లు ఆజ్ఞాపించును. పాత అలవాటు ప్రకారము 7 రావలెను; 6 మాత్రమే వచ్చును. కారణమేమనగా, ఒకసారి పుటను వర్ణించునప్పుడు మార్కుల విలువ ఛాయాచిత్రమువలె స్థిరమై ఉండును. ఆ చిత్రములో మార్కులు 5. రెండు ఆజ్ఞలకును అర్థము "6 చేయుము" అనియే. "అప్పటికి ఎంత ఉన్నచో దానికి 1 కలుపుము" అని రెండుసార్లు చెప్పినచో 7 వచ్చును. కొత్తవాడును ఇచట తడబడును గాని, తనకు తెలియదను ఎరుకతో వెంటనే పాఠము తిరుగవేయును. అనుభవజ్ఞుడు తన వాక్యమును శంకింపడు. దోషమును మరెక్కడనో వెదకుచు ఒక పూట గడపును.

ఇంతమాత్రమున అతని పది సంవత్సరములు వ్యర్థమనరాదు. పెద్ద పనిని చిన్న భాగములుగ విడదీయుట, దోషము పుట్టు చోటును క్రమముగ ఇరుకుచేసి పట్టుకొనుట, దూరపు కంప్యూటరు జవాబీయనప్పుడు పుట ఏమి చూపవలెనో ముందే యోచించుట మొదలగునవి ఏ సాధనమునకును కట్టుబడినవి కావు. వీనిలో కొత్తవాడు అతనిని అందుకొనుటకు సంవత్సరములు పట్టును.

రియాక్ట్ అధికార పాఠములలో తొమ్మిది గళ్లలో సున్నలు, ఇంటూ గుర్తులు పెట్టెడి ఆట ఒకటి కలదు. అనుభవజ్ఞుడు అలవాటుచొప్పున ఆ తొమ్మిది విలువల పట్టికలో ఒక గడిని ఉన్నచోటనే దిద్దును. ఇచ్చినది పాత పట్టికయే కావున మార్పేమియు లేదని రియాక్ట్ తలచును; పుట కదలదు. పట్టికకు నకలు తీసి, ఆ నకలులో గడిని మార్చి ఈయవలెను. ఒక్క గడికై తొమ్మిది గళ్లు నకలు వ్రాయుట దుబారా అని అతడు గొణుగుకొనవచ్చును. పాఠము ముందుకు సాగినపుడు ఆ నకళ్లన్నియు వరుసగా దాచబడును. ఆటగాడు ఒక బొత్తాము నొక్కి వెనుకటి ఏ ఎత్తుకైనను పోవచ్చును. ఉన్నచోటనే దిద్దుచు వచ్చిన పట్టికలో అట్లు పోవుటకు వెనుకటిదేదియు మిగిలియుండదు.