పాత బక్కీలో కంపెనీ సీడీ ప్లేయర్

మీ ఇంట్లో ఇంకా నడుస్తున్న పాత బక్కీ ఉందా? దాని డాష్‌బోర్డులో క్యాసెట్ రేడియో ఉందా? బీరువాలో ఎక్కడో అవ్వ పాడిన భజనల సీడీలు, గుడిలో పండుగలకు రికార్డు చేసిన సీడీలు ఉన్నాయా? అయితే ఈ వ్యాసం మీకోసమే.

బ్లూటూత్ ఉన్న కొత్త రేడియో కొనుక్కోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. కొనుక్కోవచ్చు. కానీ బండి చేసిన కంపెనీదే పాత సీడీ ప్లేయర్ దొరికితే అది డాష్‌బోర్డులో చక్కగా కలిసిపోతుంది. బటన్ల వెలుగు కూడా సరిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, తీగలు కోయనక్కరలేదు. ఇంటి పెద్దలు ఫోను ముట్టుకోకుండా, డిస్కు లోపలికి తోసి పాట వినవచ్చు.

టొయోటా హైలక్స్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అది మన డర్బన్‌లోని ప్రాస్పెక్టన్ ఫ్యాక్టరీలో తయారయ్యే బండి. కరోలా కూడా అక్కడే తయారైంది. అందుకే పాత కార్లు విప్పి అమ్మే యార్డుల్లో కరోలా సీడీ ప్లేయర్ వెతకండి. 1990ల చివరి నుంచి 2000ల మొదటి ఏళ్ల వరకు వచ్చిన చాలా టొయోటా రేడియోలకు వెనుక ఒకే రకం ప్లగ్గులు ఉంటాయి: ఒకటి 10 పిన్నులది, ఒకటి 6 పిన్నులది. పెద్దదానిలో కరెంటు, ముందు స్పీకర్లు. చిన్నదానిలో వెనుక స్పీకర్లు.

కొనే ముందు నాలుగు విషయాలు చూడండి. మొదటిది కొలత. రేడియో వెడల్పు సుమారు 180 మిల్లీమీటర్లు. ఎత్తు 50 ఉండవచ్చు, 100 ఉండవచ్చు. మీ డాష్‌బోర్డులో ఖాళీ ఎంతో కొలవండి. రెండవది ఓల్టులు. బక్కీలకు 12 ఓల్టులు. పెద్ద లారీలకు తరచుగా 24 ఓల్టులు ఉంటాయి, వాటికి ఈ ప్లేయర్ నేరుగా కలిపితే కాలిపోతుంది. మూడవది రహస్య సంఖ్య. కొన్ని ప్లేయర్లు బ్యాటరీ తీయగానే తాళం పడతాయి, సంఖ్య తెలియకపోతే పలకవు. నాలుగవది పరీక్ష. యార్డులోనే బ్యాటరీకి కలిపి, ఒక డిస్కు వేసి వినండి. అక్కడ పాడనిది ఇంటికి వచ్చి పాడదు.

ఇక పని. ఇక్కడ రెండు తెలుగు మాటలు నేర్చుకోండి: విప్పు, బిగించు. ఈ పనంతా ఈ రెండు మాటల్లోనే ఉంది.

ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పండి. రేడియో చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రాన్ని మెల్లగా లాగండి. పాత ప్లాస్టిక్ చలిలో పెళుసుగా ఉంటుంది, కాబట్టి ఎండ వచ్చాక పని మొదలుపెట్టండి. స్క్రూలు దాగి ఉన్నాయేమో చూడకుండా బలంగా లాగవద్దు. రేడియోను పట్టి ఉంచే బోల్టులకు సాధారణంగా 10 మిల్లీమీటర్ల పానా సరిపోతుంది. విప్పిన ప్రతి స్క్రూను ఒక గిన్నెలో వేయండి.

ప్లగ్గు సరిపోయినా, తీగలను ఒకసారి సరిచూడండి. టొయోటాలో సాధారణంగా నీలం మీద పసుపు గీత ఉన్న తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. గడియారం, స్టేషన్లు గుర్తుండేది దానివల్లే. బూడిద రంగు తీగలో తాళం తిప్పినప్పుడే కరెంటు వస్తుంది. గోధుమ రంగు తీగ ఎర్త్. ఆకుపచ్చ తీగ రాత్రి బటన్లను వెలిగిస్తుంది. కానీ పాత బండిలో ఎవరో ఒకరు తీగలు మార్చి ఉండవచ్చు. రంగును నమ్మకండి, మీటరుతో చూడండి. స్పీకర్ మైనస్ తీగను ఎర్త్‌కు ఎప్పుడూ కలపకండి, ప్లేయర్ చెడిపోతుంది. ప్లగ్గు కలవకపోతే, మధ్యలో పెట్టే మార్పిడి ప్లగ్గు కొనండి. అసలు ప్లగ్గును మాత్రం కోయకండి.

పాత రేడియో పక్కనున్న రెండు ఇనుప పట్టీలను విప్పి కొత్తదానికి బిగించండి. అన్ని స్క్రూలూ గట్టిగా ఉండాలి. పట్టీ వదులైతే, చెరకు తోటల మధ్య మట్టి రోడ్డు మీద పాట తెగి తెగి వస్తుంది.

ఇప్పుడు డిస్కుల మాట. సీడీలు 1982లో అమ్మకానికి వచ్చాయి. ఒక డిస్కులో సుమారు 74 నిమిషాల పాట పడుతుంది. డర్బన్ నుంచి పీటర్‌మారిట్జ్‌బర్గ్ సుమారు 80 కిలోమీటర్లు, ఒక్క డిస్కు చాలు. పాత కంపెనీ ప్లేయర్లు చాలావరకు ఎంపీ3 చదవవు. అందుకని కంప్యూటర్‌లో 'ఆడియో సీడీ'గానే రాయాలి. మళ్లీ మళ్లీ రాసే రకం డిస్కు వద్దు. అది వెలుతురును తక్కువగా వెనక్కి పంపుతుంది, పాత ప్లేయర్ దాన్ని చదవలేదు.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. అసలు డిస్కును బండిలో పెట్టకండి. ఇంట్లో రాసిన డిస్కులో పాట నిలిచేది ఒక పలుచని రంగు పొరలో. ఎండకూ వేడికీ ఆ పొర పాడవుతుంది. డర్బన్ వేసవిలో డాష్‌బోర్డు ఎంత కాలుతుందో మీకు తెలుసు. అవ్వ గొంతు ఒకే డిస్కులో ఉంటే, అది పోతే ఇక ఎక్కడా దొరకదు. ముందు కంప్యూటర్‌లోకి ఎక్కించండి. రెండు నకళ్లు తీయండి. ఒకటి బండికి, ఒకటి బంధువుల ఇంటికి. అసలుది కవరులో, చల్లని చోట ఉండాలి.

నకలు మీద పేరు రాయడానికి బాల్‌పెన్ వాడకండి. పాట ఉన్న పొర పేరు రాసే వైపుకే దగ్గరగా ఉంటుంది, గీత పడితే పోతుంది. సీడీల కోసం అమ్మే మెత్తని పెన్ను వాడండి. ఎవరు పాడారు, ఏ గుడిలో, ఏ సంవత్సరం అని పెద్దలను అడగండి. చెప్పింది తెలుగు అక్షరాలలో మీరే రాయండి. అక్షరాలు వంకరగా వచ్చినా ఫరవాలేదు.