గాలిలో వేగిన బెండకాయ

హఫీజ్‌పేట్ రైలు స్టేషనుకు ఒకవైపు మియాపూరు, మరియొకవైపు కొండాపూరు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ చుట్టుప్రక్కల రాతినేలమీద అంతస్తులపై అంతస్తులుగా లేచిన భవనములలో, గోదావరి తీరమునుండియు రాయలసీమనుండియు ఉత్తర తెలంగాణమునుండియు వచ్చి కాపురములు పెట్టిన ఉద్యోగుల వంటిండ్లలో, మిక్సీకిని కుక్కరుకును నడుమ ఇటీవల ఒక నల్లని పెట్టె చోటు సంపాదించుకొన్నది. రాత్రి ప్రొద్దుపోయి ఇల్లు చేరిన దంపతులు తరిగిన బెండకాయలనో చిలగడదుంప ముక్కలనో ఒక చెంచాడు నూనెతో కలిపి ఆ ఎయిర్ ఫ్రయర్‌లో పోసి, మీట త్రిప్పి, స్నానమునకు పోవుదురు. తిరిగివచ్చునప్పటికి ముక్కలు కరకరలాడుచుండును. బాణలి యెదుట నిలిచి, అట్లకాడతో త్రిప్పుచు, చిట్లిన నూనెకు చేతులు కాల్చుకొనుచు జీవితమంతయు వేపుళ్ళు చేసిన తల్లులకు, పిల్లల యింటికి వచ్చినప్పుడు, ఇది వంటయేనా యను సందేహము కలుగుట సహజమే.

ఈ వంటకు మూలపురుషుని వెదకబోయినచో పద్ధెనిమిదవ శతాబ్ది చివరకు పోవలసియుండును. 1753లో మసాచుసెట్స్‌లో జన్మించి, అమెరికా స్వాతంత్ర్యయుద్ధములో ఆంగ్లపక్షము వహించి స్వదేశమును వీడి, బవేరియా రాజాస్థానములో కొలువు సంపాదించి కౌంట్ రంఫర్డ్ అను బిరుదు పొందిన బెంజమిన్ థాంప్సన్, ఫిరంగులను తొలుచునప్పుడు పుట్టు వేడిమిని పరిశీలించి, ఉష్ణము ద్రవ్యము కాదు, చలనమేయని వాదించిన శాస్త్రజ్ఞుడుగా పాఠ్యపుస్తకములకెక్కినాడు. అయితే ఆ మహాశయుడు పొయ్యిలను గూర్చియు, కుంపట్లను గూర్చియు, పేదలకు పోయు జావను గూర్చియు అంతే శ్రద్ధతో ఆలోచించెనన్న సంగతి పాఠ్యపుస్తకములు చెప్పవు. ఆయన రూపొందించిన రోస్టరు ఇటుకల కట్టడములో ఇమిడ్చిన ఇనుప పీపా వంటిది. దాని క్రింద నిప్పు, నిప్పుమీదుగా లోపలికి పోవు రెండు ఊదుగొట్టములు, పైన ఆవిరి పోవుటకు ఒక దారి. మాంసము ఉడుకునంతసేపు గొట్టముల మూతలు బిగించియుంచి, ఇక పైభాగము ఎర్రబడవలయుననగా వానిని తీసినచో, నిప్పుమీద కాగిన పొడిగాలి ముక్కమీదుగా వీచి, కమ్ముకొనియున్న ఆవిరిని పైదారిన వెళ్ళగొట్టును. విద్యుత్తు లేదు, పంకా లేదు. కాని ఆవిరిని తరిమిననే తప్ప ఆహారము పైన పెళుసెక్కదను మర్మము అప్పటికే పట్టుబడినది.

పంకా వచ్చి చేరుటకు రెండవ ప్రపంచయుద్ధము కావలసివచ్చెను. మహాసముద్రములను దాటు అమెరికా నౌకాదళ విమానములలో మనుష్యులకు వేడి భోజనము పెట్టుటెట్లను సమస్యకు, విలియం మాక్సన్ అను ఇంజనీరు 1945 ప్రాంతమున ఒక పరిష్కారము చూపెను. మాంసము, కూర, బంగాళాదుంప అను మూడింటిని మూడు అరల పళ్ళెములో ముందుగనే వండి గడ్డకట్టించి, ఆకాశములో వానిని వేడిచేయుటకు పంకా అమర్చిన చిన్న ఓవెనును ‘వర్ల్‌విండ్’ అను పేరుతో నిర్మించెను. 1947లో ఆయన కాలధర్మము చెందెను. ఆ పళ్ళెములు నిలువలేదుగాని, పంకాగల ఓవెను హోటళ్ళకును, రొట్టెల తయారీకిని, క్రమముగా గృహములకును ప్రాకినది. విచిత్రమేమనగా, రేథియాన్ సంస్థలో పనిచేయు పెర్సీ స్పెన్సర్ సూక్ష్మతరంగములతో వండు పద్ధతికి పేటెంటు కోరినదియు ఆ 1945లోనే. మన నగరములలో ముందుగా ప్రవేశించినది ఈ రెండవదే. మైక్రోవేవ్ ముక్కలోని నీటిని కదలించి కాచునేగాని చుట్టునున్న గాలిని వేడిచేయదు. లోపలి ఆవిరి బయటి చల్లగాలికి తగిలి ముక్కమీదనే నీరగును. నిన్నటి పకోడిని దానిలో పెట్టి, మెత్తబడిన పకోడిని తిన్న తరము ఒకటి కలదు.

ఆపైన కథ నెదర్లాండ్స్‌కు మరలుచున్నది. నూనె మూకుడు లేకుండ ఇంటిలో కరకరలాడు బంగాళాదుంప వేపుడు చేయవలెనను పట్టుదల పూనిన ఫ్రెడ్ వాన్ డెర్ వెయ్ అను డచ్చి రూపకర్త, కొయ్య, అల్యూమినియము, కోళ్ళగూళ్ళకు వాడు ఇనుపవల, వీనితో తొలి నమూనా కట్టెను. ఫిలిప్స్ సంస్థ ఆ ఊహను స్వీకరించి 2010లో బెర్లిను ప్రదర్శనలో లోకమునకు చూపెను. నిజమునకు ఇది ఓవెనే. పైకప్పున వేడి తీగ, దానిమీద బలమైన పంకా, క్రింద చిల్లుల బుట్ట. గాలి పైనుండి దిగి, ముక్కల సందులలో దూరి, అడుగున తాకి, ప్రక్కలనుండి మరల పైకి లేచును. గది చిన్నదగుటచే క్షణములలో కాగును. కల్పనాచాతుర్యమంతయు కొలతలలోనే యున్నది, సూత్రములో కాదు. అట్లని చిన్నచూపు చూడరాదు. కొలత కుదరక చెడిన వంటలు, చెడిన యంత్రములు ఎన్ని లేవు!

ఇప్పుడు బెండకాయ సంగతి చూతము. దాని బరువులో సుమారు తొంబదిపాళ్ళు నీరే. పావుకిలో ముక్కలలో 225 గ్రాముల నీరున్నదనుకొని, దానిలో 150 గ్రాములు పోగొట్టవలెనన్నచో, ముక్కలను మరుగుమట్టమునకు కాచుటకు ఇంచుమించు 75 కిలోజూళ్ళు, ఆ నీటిని ఆవిరిచేయుటకు 340 కిలోజూళ్ళు కావలయును. 1,500 వాట్ల యంత్రము ఇంత శక్తిని ఐదు నిమిషములలోపుననే వెలువరింపగలదు. అయినను పని ముగియుటకు పదునైదు నిమిషములకు పైగా పట్టుచున్నదేల? వేడిమి ఉన్నంతమాత్రమున చాలదు, అది ముక్కలోనికి చేరవలెను. లోపలి నీరు పైకి రావలెను. ప్రతి ముక్కచుట్టును కదలని గాలిపొర ఒకటి అంటిపెట్టుకొనియుండి వేడిని లోనికి, ఆవిరిని బయటికి పోనీయదు. పంకా చేయు పని ఆ పొరను పలుచబరచుటయే. మే నెల ఉక్కలో విసనకర్ర మన దేహమునకు చేయు ఉపకారమును ఇట్టిదే. నిశ్చలమైన గాలికన్న వీచు గాలి అనేక రెట్లు వేగముగా వేడిని చేరవేయును. మరుగు నూనె అంతకన్నను ఎన్నో రెట్లు వేగముగా చేరవేయును. నూనె గెలుపు ఇక్కడనే. గాలి దానిని వెంబడించునేగాని అందుకొనజాలదు.

పైపొరలో నీరున్నంతవరకు ముక్క ఉష్ణోగ్రత నూరు డిగ్రీలు దాటదు. అది ఆరిన పిమ్మటనే 140 డిగ్రీలకు చేరి, చక్కెరలును అమైనో ఆమ్లములును కలిసి ఎర్రని రంగును ఘుమఘుమను పుట్టించును. 1912లో ఫ్రెంచి రసాయనికుడు లూయీ కమీయ్ మయార్ వర్ణించిన చర్య ఇదియే. కనుక ఇక్కడ వంటవాని శత్రువు నీరు. కడిగిన బెండకాయలను గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, అప్పుడు తరుగవలయునని మన పెద్దలు చెప్పునది జిగురు భయముచేతనేకాని, గాలి యంత్రమునకును ఆ మాటయే శాస్త్రము. బుట్ట నిండ ముక్కలు కుక్కినచో గాలికి దారి లేక అవి తమ ఆవిరిలో తామే ఉడుకును. నలుగురున్న ఇంటికి రెండు విడతలు తప్పవు, ఆ మాట ప్రకటనలలో కానరాదు. ఉప్పు ముందుగా చల్లినచో నీరూరును, చివర చల్లవలెను. కాకరకాయకు మాత్రము ముందే ఉప్పు రాచి, పిండి, ఆరబెట్టుట మేలు, ఏలయన చేదుతోపాటు కొంత నీరును పోవును. నడివేసవిలో మేడమీద గోరుచిక్కుడు వరుగులు, వంకాయ వరుగులు ఎండబెట్టిన ఇల్లాండ్రు ఎండనుండియు గాలినుండియు ఈ పనిలో మొదటి సగమును ఉచితముగా చేయించుకొనిరి. ఎండిన వరుగు నూనెలో పడిన క్షణమే పొంగి వేగుటకు కారణము, తరుమవలసిన నీరు అప్పటికే పోయియుండుటయే.

ఇక ఆ ఒక చెంచాడు నూనె యెందుకు? అది పలుచని పొరగా పరచుకొని వేడిని సమముగా పంచును, కారమును ముక్కకు పట్టించును, కెరోటిన్లు దేహమునకు అందుటకు తోడ్పడును. ముంచి వేపినప్పటి నూనె వేరు. మూకుడులో ఉన్నంతసేపు లోపలినుండి ఎగదన్ను ఆవిరి నూనెను చాలవరకు అడ్డగించును. బయటికి తీసిన తరువాత, చల్లారుచున్న ఆవిరి కుదించుకొని, పైనంటియున్న నూనెను లోపలికి పీల్చును. వేడివేడిగా జల్లిగరిటెలో దులిపి తీయవలెననుటలోని విజ్ఞత ఇది.

బంగాళాదుంప విషయమున నాకు ఇంత ఉత్సాహము లేదు. 2002లో స్వీడను శాస్త్రజ్ఞులు, పిండిపదార్థము గల ఆహారములు 120 డిగ్రీలకు పైబడి కాగునప్పుడు ఆక్రిలమైడ్ పుట్టునని ప్రకటించిరి. ఆస్పరజిన్ అను అమైనో ఆమ్లము చక్కెరతో కలియుటవలన కలుగు ఈ పదార్థము మనుష్యులకు కాన్సరు కలిగింపవచ్చునని అనుమానము కలదు. గాలిలో వేపినను నూనెలో వేపినను ముదురు గోధుమరంగునకు వచ్చిన దుంప ఒక్కటే. పైగా రెఫ్రిజిరేటరులో దాచిన దుంపలో పిండి కొంత చక్కెరగా మారి, ఆక్రిలమైడ్ పెరుగుటకు దోహదము చేయును. హఫీజ్‌పేటకు దాపునున్న కూడలి నేటికిని ధరించుచున్నది 1942లో స్థాపితమైన హైదరాబాద్ ఆల్విన్ పేరు. తెలుగువారి ఇండ్లకు చల్లని బీరువాలను అందించిన ఆ సంస్థను తలచుకొనుచునే, దుంపలను మాత్రము బయటి గంపలో ఉంచవలయునని మనవి. తరిగి నీటిలో నానబెట్టి, తుడిచి, బంగారువన్నెకు రాగానే తీసినచో హాని తగ్గును.

1958లో కూనూరునుండి హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. తార్నాకలోని ఆ సంస్థ 2024లో సవరించిన ఆహార సూచనలు, రెండువేల కిలోకేలరీల ఆహారములో దినమునకు 400 గ్రాముల కూరగాయలు ఉండవలెననుచున్నవి. నన్నడిగినచో ఈ యంత్రము చేసిన మేలు నూనె మిగుల్చుటలోకన్న ఈ లెక్క దగ్గరనే కనబడును. వండుటకు ఓపికలేని రాత్రి దొండకాయయో, క్యారెట్టో, కాలీఫ్లవరో పళ్ళెములోనికి వచ్చుచున్నది.

ఈ యంత్రమునకు లొంగనిది మిరపకాయ బజ్జీ. జారుడుగా కలిపిన శనగపిండి వేడినూనెలో పడిన తక్షణమే గట్టిపడి కాయను కప్పును. గాలిలో ఆ అదను లేదు గనుక పిండి చిల్లులగుండ కారి అడుగుకు చేరును. కావున సాయంకాలము బజ్జీబండ్ల మూకుళ్ళు చల్లారలేదు. మాటిమాటికి కాచిన నూనెలో ధ్రువ సమ్మేళనములు 25 శాతము మించరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ విధించిన నియమమును అచ్చట ఎవరు కొలిచి చూతురన్నది వేరు ప్రశ్న.